మూడో రింగు

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడికించిన గుడ్లు, అంచులు ఎండిపోయిన బ్రెడ్డు, ఇద్దరికీ కలిపి ఒక అరటిపండు. ఆసుపత్రి వరండాలో గోడవారగా బెంచీ మీద కూర్చుని తిన్నాం. క్యాంటీన్ అతను అడగకుండానే చిన్న ఉప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. పొట్లం కాగితం పాత క్యాలెండరు ముక్క, దాని మీద మంగళవారం అన్న మాట సగానికి చిరిగి ఉంది. ఇదంతా గుర్తుంది. లోపల మా ఆరేళ్ళ పిల్లకు మత్తుమందు పడక ఒళ్ళు పెనంలా కాలిపోయిందని, గుండె ఒక్కసారి తడబడి మళ్ళీ దారిలో పడిందని చెప్పడానికి బయటికొచ్చిన డాక్టరు చొక్కాకు పై బొత్తాం లేదు, అదీ గుర్తుంది. ఆయన చెప్పిన మందు పేరు మాత్రం గుర్తులేదు. ఆ పేరు మా ఆవిడకు నోటికి వచ్చు. పన్ను పీకించడానికి వెళ్ళినా, కాల్లో ముల్లు తీయించడానికి వెళ్ళినా ముందు ఆ పేరు చెప్పి ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేది. "పంటికి ఆ మందు ఎవరిస్తారమ్మా, నవ్వుతారు" అని పిల్ల విసుక్కుంటే, "నవ్వనీ, ఇవ్వకుండా ఉంటే చాలు" అనేది. ఆ పేరు అన్నాళ్ళూ ఆవిడ నోట్లో భద్రంగా ఉంది, అందుకే నేను దాచుకోలేదు, ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియనట్టే. ఆవిడతో పాటు అదీ వెళ్ళిపోయింది. మొక్కల పేర్లు, రెండేసి మాటల లాటిన్ పేర్లు, నోరు తిరగనివి కొన్ని వందలు కాలేజీలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క మందు పేరు. చివర్లో 'ఈన్' అని వస్తుందేమో. అన్నిటికీ వస్తుంది 'ఈన్'.

ఇప్పుడు ఆ పేరు కావాలి. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి మధ్యాహ్నం కడుపునొప్పితో ముడుచుకుపోతే అల్లుడు అక్కడి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాడు. పేగు మెలిక పడిందన్నారు, ఈ సాయంత్రమే కోయాలన్నారు. నొప్పిలో కూడా అమ్మాయి ఒక్క మాట చెప్పగలిగింది, చిన్నప్పుడు నాకొక మందు పడలేదు, ఏదో నాకు తెలీదు, అమ్మకి తెలుసు. మత్తు డాక్టరు అల్లుడితో చెప్పాడట, ఆ పేరు తెలిస్తే దాన్ని పక్కనపెట్టి మిగతావి వాడుకుంటాను, తెలియకపోతే చీకట్లో చెయ్యి పెట్టినట్టే, పేగు నల్లబడకుండా ఎంతసేపు ఆగగలనో అంతసేపే ఆగుతాను అని. పాత ఆసుపత్రిలో ఆ కేస్ షీటు ఇంకా ఉంది, అది ఒక దయ, ఎలకలు తినలేదు, చెదలు పట్టలేదు. రికార్డు గదిలో ఉండే మేడమ్ గొంతు పెద్ద వయసుది. "ఫోన్లో మందుల పేర్లు చదవకూడదండీ, ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మనిషి ప్రాణం. మీరు సంతకం పెట్టి ఫ్యాక్సులో అడగండి, నేను ఫ్యాక్సులో పంపుతా. అదీ షీటు మీదున్న నంబరుకే పంపాలి, రూలు" అంది. షీటు మీదున్న నంబరు మా ఇంటి ఫోనుదే. సెల్లు వచ్చాక ఈ ఫోనెందుకు, తీయించేద్దాం అని ఎన్నిసార్లు అన్నానో. "ఉండనీండి, దాని తిండి మనం పెట్టాలా ఏం" అనేది మా ఆవిడ. ఆ నంబరు ఉంది. ఫ్యాక్సు మిషనే లేదు. వీధి మలుపులో ఫ్యాక్సు షాపు షట్టరు దించి ఉంది, షట్టరు మీద సుద్దతో 'రేపు' అని రాసి ఉంది. ఏ రోజు చూసినా అది రేపే. ఆరింటికి రికార్డు గది మూసేస్తారు.

అందుకని భోజనాల బల్ల మీద ఈ ల్యాప్‌టాప్. కాలేజీలో ప్రశ్నపత్రాలు కొట్టడానికి కొన్నది, నేను రిటైరయిన ఏడు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. మొదటిరోజు మా ఆవిడ రెండు చేతుల్తో ఎత్తి చూసి, "ఇస్త్రీపెట్టె బరువుంది, ఇస్త్రీ కూడా చేస్తుందా" అంది. దీని పక్కటెముకల్లో ఎక్కడో టెలిఫోను వైరు పెట్టుకునే చోటుందని, ఫ్యాక్సు ప్రోగ్రామ్ కూడా దీంట్లోనే ఉందని తెలుసు, ప్రిన్సిపాలు గారి గదిలో ఎవరో పంపుతుంటే చూశాను. చూడటం వేరు. గోడ దగ్గర రెండు నోళ్ళ బిళ్ళ పెట్టి, ఒక వైరు ఫోనుకి వదిలి ఇంకో వైరు దీనికి గుచ్చాను, ప్రోగ్రామ్ తెరిచాను, డయల్ టోన్ లేదంది. తీసి మళ్ళీ గుచ్చాను. లేదంది. ఫోను ఎత్తి చెవిన పెట్టుకుంటే టోన్ ఉంది, తుమ్మెదలా మోగుతోంది, నాకు వినిపిస్తోంది, దీనికి వినిపించదు. ముసలివాడికి ముసలిది. చెవి దగ్గరపెట్టి అరిచినట్టు వైరు గట్టిగా అదిమాను. అప్పుడు చూశాను, పక్కపక్కనే రెండు గుంటలు, ఒకటి కొంచెం పెద్దది, నేను పెద్దదాంట్లో పెట్టాను, చిన్న క్లిప్పు అందులో వదులుగా, పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఊగుతోంది. చిన్నదాంట్లో పెట్టాను. టిక్ అంది. ఆ చిన్న చప్పుడుకి నా కళ్ళు చెమర్చాయి, ఇంత దానికే. అమ్మాయి కాలి పట్టీల కొక్కెం కూడా ఇలాగే టిక్ అనేది, మా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టేది, పిచ్చుకా కదలకు, పిచ్చుకా కదలకు. పిచ్చుక అనే పిలిచేది. ఇప్పుడు కూడా పిచ్చుకే. అక్కడ మంచం మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఎలా పడుకుందో.

ప్రోగ్రామ్ ప్రశ్నలు అడుగుతుంది. మీ పేరు. మీ నంబరు. ఫ్యాక్సులు పంపాలా, తీసుకోవాలా, రెండూనా. రెండూ. ఫోను మోగితే ఎన్నో రింగుకు ఎత్తాలి. నా వేలు నాలుగు మీద నొక్కి ముందుకు వెళ్ళిపోయింది, ఆలోచించలేదు, ఈ ఇంట్లో అది ఆలోచించే విషయం కాదు. పిచ్చుక హాస్టల్లో చేరిన ఏడాది నుంచి మాకు ఒక పద్ధతి ఉంది. చేరిందంటే రెండు రింగులు ఇచ్చి పెట్టేయాలి. డబ్బు దండగ కాదు, మాటలు దండగ కాదు, రెండు రింగులంటే క్షేమం. మూడోది మోగిందంటే మాట్లాడాల్సిందేదో ఉంది, అప్పుడు ఎత్తాలి. తొందరపడి ముందే ఎత్తితే మా ఆవిడ కళ్ళెర్రజేసేది. పిల్ల ప్రయాణంలో ఉన్న రోజు మా పడకగదికీ ఈ గదికీ మధ్య తలుపు తెరిచే ఉంచేది, ఫోను వినపడాలని, గాలికి కొట్టుకోకుండా చెప్పు అడ్డం పెట్టి. రెండు రింగులు మోగి ఆగేవి. మూడోది రాదని తెలిసేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. "చేరింది" అనేది. లేచి చెప్పు తీసి, కీలు కిర్రుమనకుండా పిడి పట్టి తలుపుని కొంచెం పైకెత్తి మూసేది, ఆ రాత్రికి ఇక లోకంతో పని లేనట్టు. సెల్లులు వచ్చాక కూడా పిచ్చుక ఆ పద్ధతి మానలేదు. ఆవిడ పోయాక కూడా.

సంతకం. ఉత్తరం టైపు చేశాను, నా కుమార్తె ఫలానా ఏడు ఫలానా వార్డులో, దయచేసి. సంతకం ఎలా. కాగితం మీద పెడితే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే సాధనం లేదు. బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిచి, మీటల కింద వేలు రాసే నల్ల పలక మీద నా పేరు గీశాను. వానపాము చచ్చినట్టు వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాను, మధ్యలో వేలు జారి చివరి అక్షరం మొదటి అక్షరం మీదికి ఎక్కింది. నాలుక బయటపెట్టి గీస్తున్నానని తర్వాత తెలిసింది. పలక మీద మొదటిసారి అక్షరాలు దిద్దేటప్పుడు పిచ్చుక కూడా నాలుక బయటపెట్టేది, నేనే చెయ్యి పట్టుకుని దిద్దించాను. ఇప్పుడు నా చెయ్యి పట్టుకునేవాళ్ళు కావాలి. చాలు, ఇదే సంతకం, పంపు.

లోపల చిన్న స్పీకరు ఉంది దీనికి, డయల్ చేస్తున్న చప్పుడు వినిపించింది, అవతల మోగింది, ఎవరో ఎత్తారు. ఆడగొంతు, వణుకుతున్న గొంతు. "హలో. హలో. తమ్ముడూ, నువ్వేనా? మాట్లాడవేంరా?" ల్యాప్‌టాప్ ఆవిడ చెవిలో కీచుమంది. "తమ్ముడూ?" మళ్ళీ కీచుమంది. అమ్మా, నేను తమ్ముణ్ణి కాను, తప్పు నంబరు అని బల్ల ముందు కూర్చుని పైకే అన్నాను, ఈ పెట్టెకు నోరుంది గానీ నా మాట పోదు. రెండోసారీ ఆవిడే. ఈసారి ఏమీ అడగలేదు, ఊరికే వింటూ ఉంది, ఆ ఊపిరి వినిపించింది, ఎవరో తమ్ముడు ఎక్కడున్నాడో, ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తోందో. నంబరు సరిగానే కొట్టానే అని ఒక్కొక్క అంకె వేలు పెట్టి చూశాను. కాలేజీ. కాలేజీలో బయటి లైను కావాలంటే ముందు తొమ్మిది కొట్టాలి, ఆ తొమ్మిది ఈ ల్యాప్‌టాప్ ఇంకా మరిచిపోలేదు, నాకు కనిపించకుండా ప్రతి నంబరుకి ముందు తనే కొట్టుకుంటోంది. దీనికీ పాత అలవాటు. ఆ తొమ్మిదిని ఎక్కడ దాచిందో వెతకడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, కిటికీలో ఎండ గోడ దాకా ఉన్నది కుర్చీ దాకా వచ్చింది, చెరిపాను. పంపాను. ఈసారి అవతల నుంచి కూడా కీచుమంది. రెండు పిట్టలు మాట్లాడుకున్నట్టు. ఆ మోత ఇంత తియ్యగా ఉంటుందని అనుకోలేదు.

సెల్లు మోగింది. రికార్డు గది మేడమ్. "సార్, వచ్చిందండి. ఇది సంతకమేనా?"

"అవునమ్మా. వేలితో గీశాను."

"షీటు మీద మీ సంతకం ముత్యాలు పేర్చినట్టుంది సార్. ఇదేమో మా మనవడు గోడ మీద గీసినట్టుంది." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "అమ్మాయికి ఎలా ఉంది?"

"బల్ల మీదకి ఎక్కించబోతున్నారు."

"సరేలెండి. మొదటి అక్షరం తోక పాతదానితో కలిసింది. నేను కలిసిందనే రాస్తా. మీ వైపు రెడీగా పెట్టుకోండి, మా మిషన్ కూడా నాలాగే రిటైరవబోతోంది, ఎక్కువసేపు మోగించే ఓపిక లేదు దానికి."

ఆ చివరి మాట చెవిలో పడింది గానీ మనసులో పడలేదు. మొదటి అక్షరం తోక దగ్గరే ఆగిపోయాను, ఆ ఒక్క తోక కోసం ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. మోగింది ఇంటి ఫోను. ఒకటి. రెండు. మూడు. ఆగిపోయింది. ల్యాప్‌టాప్ కదల్లేదు. తెర మీద ఎదురుచూస్తున్నాను అని రాసి ఉంది, నాలాగే. సెల్లులో మేడమ్, "ఎవరూ ఎత్తట్లేదండీ." మళ్ళీ చేయండమ్మా. వైరు తీసి పెట్టాను. ఒకటి, రెండు, మూడు. నిశ్శబ్దం. "సార్, ఇదుగో మా వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు." ఒక్కసారి ఆపి మళ్ళీ తెరుద్దామని ల్యాప్‌టాప్ ఆపేశాను, అది ఆరిపోవడానికి ఒక వయసు, వెలగడానికి ఇంకో వయసు, గాజు తెర మీద నా మొహం, వెనక వంటగది, ఆవిడ నిలబడే చోటు ఖాళీగా. ఏమిటే ఆ పేరు. ఒక్కసారి చెప్పు. కలలో కాదు, ఇప్పుడు, వెనక నిలబడి చెవిలో చెప్పు. ఎప్పుడూ ఏదీ గట్టిగా అడగలేదు నిన్ను, ఆఖరి రోజుల్లో కూడా నువ్వే నన్ను తిన్నారా అని అడిగావు, ఇది అడుగుతున్నాను. కుళాయి చుక్క పడింది. అంతే. అల్లుడు ఫోను. "మామయ్యా, మత్తు డాక్టరు ఇక ఆగలేనంటున్నారు. రెండు మందులు అనుకుంటున్నారట, ఏదో ఒకటి ఇచ్చేస్తానంటున్నారు. నేనేం చెప్పను?" ఆగమను నాయనా. "ఎంతసేపని చెప్పను మామయ్యా?" ఆ పిల్లాడి గొంతు కూడా సన్నబడిపోయింది, పెళ్ళిలో ఎంత గట్టిగా నవ్వాడో. వెనక నుంచి ఏదో మూలుగు వినిపించింది. అది పిచ్చుకది. పిచ్చుకదో, పక్క మంచం వాళ్ళదో.

వెలిగింది తెర. ఎదురుచూస్తున్నాను. మోగింది ఫోను, ఒకటి, ఎత్తబోయి చెయ్యి అలవాటుగా ఆగింది, రెండు, ఇంకా ఆగింది, మూడు, ఇప్పుడు ఎత్తాలి అనుకునేసరికి ఆగిపోయింది. చెయ్యి గాల్లోనే ఉంది. ఆ చేతిని చూశాను. మూడోది మోగేదాకా ముట్టుకోని చెయ్యి. ఈ ఇంటి చెయ్యి. నాలుగు అని నొక్కింది ఇదే. ఎక్కువసేపు మోగించే ఓపిక లేదు దానికి. మేడమ్ చెప్పింది, చక్కగా, తెలుగులో చెప్పింది, మేం మూడోది మోగేదాకా ఆగే మనుషులమని ఆ ముసలి మిషన్‌కి ఎలా తెలుస్తుంది. క్షేమానికి పెట్టుకున్న పద్ధతి పిల్ల గొంతు మీద కూర్చుంది. ఆ ప్రశ్న ఉన్న చోటు మళ్ళీ దొరకదు, ఈ కిటికీ వెనక కిటికీ, దొరికింది, నాలుగు తీసి ఒకటి. సెల్లు చెవిన పెట్టుకున్నాను, అమ్మా, ఇంకొక్కసారి, తాళాలాయన్ని ఒక్క నిమిషం. "తాళాలాయన కూర్చున్నాడు లెండి సార్. ఆయనకీ కూతురుంది. చేస్తున్నా."

ఒకటి. ల్యాప్‌టాప్ కీచుమంది. అవతలిది కీచుమంది. తెర మీద పైనుంచి తెల్లగా దిగడం మొదలైంది, గీత తర్వాత గీత, తీరిగ్గా, వాన నీళ్ళు కిటికీ అద్దం మీద దిగినట్టు. ఆసుపత్రి ముద్ర. పిల్ల పేరు. వయసు ఆరు. బరువు ఎంతో, ఎంత తేలికో. కింద నా సంతకం, ముప్పై ఏళ్ళ కిందటి నా ముత్యాలు. దాని పక్కన ఇంకొకటి, నేను మరిచిపోయినది, మా ఆవిడది, తల్లి అని రాసి పెట్టింది, ఒత్తి రాసిన అక్షరాలు. ఆ కింద ఎర్రసిరాతో రాసి ఉండాలి, ఇక్కడ నల్లగా వచ్చింది, చుట్టూ గుండ్రంగా గీత, మధ్యలో పేరు. చూడగానే ఆవిడ గొంతులోనే చదివాను. పన్ను డాక్టరు గది, ముల్లు తీసిన గది, ఆ గదులన్నింటిలోనూ ఆవిడ గొంతు. చివర 'ఈన్' లేదు. నేను ఎన్నాళ్ళు వెతికినా వేరే తలుపు దగ్గరే నిలబడి ఉండేవాణ్ణి. దాన్ని అల్లుడు చెప్పిన అక్కడి ఆసుపత్రి ఫ్యాక్సు నంబరుకి పంపాను, తొమ్మిది లేకుండా. వెళ్ళింది అని తెర చెప్పింది, నమ్మలేదు, అల్లుడు చెప్పేదాకా.

"వచ్చింది మామయ్యా. డాక్టరు చేతికిచ్చాను. చదివి ట్రేలోంచి ఒక సీసా తీసి పక్కన పెట్టాడు." అవతల చక్రాల మంచం కదిలిన చప్పుడు. "తీసుకెళ్తున్నారు. నా ఫోనులో ఛార్జి చివరి గీత ఉంది, అదీ అయిపోతే ఇక్కడ కౌంటరు నుంచి ఇంటి ఫోనుకే చేస్తా, ఆ నంబరైతేనే నాకు నోటికొచ్చు. పిచ్చుక చెప్పమంది, అంతా బాగుంటే రెండు రింగులట. నాకీ లెక్కలు చేతకావు మామయ్యా, పొరపాటున మూడోది మోగితే గుండె ఆపుకోకండి."

"మూడోది మోగనివ్వకు నాయనా."

ఆ తర్వాత సెల్లు ఎన్నిసార్లు చేసినా పలకలేదు. బయట దీపాలు వెలిగాయి. కింది వాటాలో కుట్టుమిషన్ ఆగిపోయింది, కుట్టుపనావిడ మెట్లెక్కి లోపలికొచ్చి, "అన్నయ్యగారూ, దీపం వేసుకోలేదేం" అని, జవాబు కోసం ఆగకుండా తనే స్విచ్చి వేసి, గిన్నెలో అన్నం మూతపెట్టి వెళ్ళింది. తినలేదు. మూత తీస్తే ఆవిరి వచ్చింది, అది చూస్తూ కూర్చున్నాను. కత్తి, పేగు, ఆరేళ్ళ బరువు. పేరు సరైనదే, ఇంకా మిగతావి ఎన్ని లేవు, పేరు ఒక్కటే దాటాం. మా ఆవిడకీ అన్నీ సరిగానే ఇచ్చారు, మందులన్నీ పడ్డాయి, మనిషే నిలవలేదు. ఆవిరి ఆగిపోయింది. ఫోను మోగింది. ఒకటి, వెంటనే పక్కనుంచి కీచుమని కేక. ల్యాప్‌టాప్ ఎత్తేసింది. నేనే చెప్పాను దానికి, మొదటి రింగుకే ఎత్తు అని, మాట తప్పలేదు. వైరు పట్టుకుని లాగేశాను, గుంటలో క్లిప్పు విరిగింది, విరగనీ, రెండు నోళ్ళ బిళ్ళ తీసేసి ఫోను వైరు నేరుగా గోడకి పెట్టాను. మూగగా ఉంది. ఎవరు చేశారు. అల్లుడైతే రెండిద్దామనుకున్నాడా, నేను ఎత్తేదాకా మోగిద్దామనుకున్నాడా. ఆ ఒక్క రింగు దేని మొదలు. అతని చెవిలో ఈ పెట్టె అరిచి ఉంటుంది, ఆ తమ్ముడి అక్క చెవిలో అరిచినట్టే. కౌంటరు దగ్గర వరుస ఉంటుందేమో, వెనకవాళ్ళు తొందర పెడుతుంటారేమో, ఇక చేయడేమో. ఎత్తి టోన్ ఉందో లేదో చూడాలనిపించింది, ఎత్తిన ఆ క్షణంలోనే అతను చేస్తే. ఎత్తలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను. పడకగది తలుపు తెరిచే ఉంది, చెప్పు అడ్డం ఉంది, ఎప్పుడు పెట్టానో గుర్తులేదు, సాయంత్రం ఎప్పుడో పెట్టి ఉంటాను.

మోగింది.

ఒకటి. గది నిండా పరుచుకుని పోయింది. మధ్యలో ఖాళీ, అందులో నేను ఏమీ అడగలేదు ఎవరినీ. రెండు. ఇది పొడుగ్గా మోగింది, లేక నాకే అనిపించింది. ఖాళీ. ఇక్కడే ఆవిడ నా చెయ్యి పట్టుకునేది, గోళ్ళు గుచ్చుకునేలా. ఖాళీ సాగింది. కుళాయి చుక్క పడింది. కింద ఎవరో బకెట్టు లాగారు. ఇంకో చుక్క పడింది. ఫోను అలాగే ఉంది, నల్లగా, నోరు మూసుకుని.

మూడోది రాలేదు.

అయినా చాలాసేపు కదల్లేదు, అల్లుడికి లెక్కలు చేతకావు కదా అని. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూత దించి, అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, చల్లారిన ముద్ద ఒకటి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. లేచి దీపం ఆర్పాను. చెప్పు పక్కకు తీసి, "చేరింది" అన్నాను, పైకే. కీలు కిర్రుమనకుండా పిడి పట్టి తలుపుని కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా మూశాను.